గీత పడ్డ చోట

పాత కాగితం బేళ్లు విప్పేకాడ నా డ్యూటీ.
పంచాంగాలు, పరీక్ష పేపర్లు, పెండ్లి పత్రికలు
అన్నీ ఒకటే తొట్టిల నానుతయి.
అప్పుడప్పుడు ఒక రికార్డు కవరు తేలుతది,
తంబూర పట్టుకున్న ఎవరో ఆమె,
సగం మొఖం తడిసి.
లోపల ఏం ఉండదు.

పెంకులేమో చంద్రపూర్ల యూనుస్ కొట్టుకు పోతయి
బట్టల్లేని పిల్లల్లెక్క,
ఒకదాని మీద ఒకటి, సైకిల్ ట్యూబుల పక్కన.
కవర్లు నీకు, పాటలు నాకు,
ఇద్దరం కలిస్తే ఒక దుకాణమైతదని
చాయ్ పోసినప్పుడల్లా అంటడు యూనుస్.
పెంకును వెలుతురుకు పట్టి, తిప్పి,
"గీతకు పది రూపాయలు తగ్గిస్త" అంటడు.
గీతలున్నవే కొంట నేను.

ఇంటికి తెచ్చి కుంకుడు రసంల కడుగుత,
గిన్నెల స్టాండుల పళ్లేల నడుమ ఆరబెడ్త.
భూలక్ష్మి చూడక ఒకసారి దాని మీద
జొన్నరొట్టె వేసింది. నిజంగనే.
ఆ వేడికి ఒక అంచు వంగింది,
ఇప్పటికీ ఆ పాట మొదట్ల
సన్నాయి కొంచెం తాగినట్టుంటది.

బల్లార్‌పూర్ మిల్లు పనికిరాదన్న గోధుమరంగు కాగితం
మడిచి, మైదా రాసి, కవర్లు నేనే చేస్త.
పేర్లు తెలుగుల రాస్త.
మరాఠీ పాటకు తెలుగు పేరేంది నాయినా అని
నవ్వుతది బిడ్డ ప్రాజక్త.
దాని పేరు మరాఠీలనే ఉన్నది గద, నేనేమన్నన్నా?

అండ్ల ఒకటి ఉన్నది.
రెండో చరణంల గీత.
సూది నెత్తిన రూపాయి బిళ్ల పెట్టినా
అక్కడికొస్తే ఎగురుతది,
కాలువ దాటే మేకలెక్క.
ఇరవై రెండేండ్లు అట్లనే విన్న,
అట్లనే నేర్సుకున్న.
మిషన్ల చప్పుడుల పాడుకుంటే
నేను గూడ అక్కడ ఎగురుత.
ఎగిరినట్టు నాకు తెల్వది.
పాటంటే గంతే అనుకున్న.

మొన్న గణపతి తొమ్మిదో రోజు
వర్ధా వంతెన దాటి రాజురా పోయిన.
బడి మైదానంల షామియానా, నూట ఇరవై కుర్చీలు,
బొగ్గు లారీ పోయినప్పుడల్లా
గొంతు సవరించుకునే మైకు.
హార్మోనియం దోటే మాస్టారు.
తబలా ఆయన డ్యూటీ దిగి యూనిఫారంలనే కూసున్నడు.
పాడేది సుమన్‌తాయి తేంభుర్ణే, కుట్టు టీచరు,
మెడల ఇంచుల టేపు తీసుడు మరిచినట్టున్నది.
గొంతు లేపింది.
నా పాట.

నా వేళ్లు తొడ మీద తాళమేస్తున్నయి.
రెండో చరణం వచ్చింది.
ఆమె ఎగరలే.
నా చెయ్యి ముందుకు పోయింది, పాట ఎనకనే ఉన్నది,
నడుమ ఒక మాట:
థాంబ్.
ఆగు.
ఆటోవాళ్లతోని రోజుకు పదిసార్లు నేననే మాటే.
ఆమె రెండుసార్లు అన్నది.
మొదటిసారి గేటు కాడి నుంచి పిలిచినట్టు.
రెండోసారి లారీ పోయింది,
పెదవులే చూసిన.

ఏమైంది కాకా, అన్నడు పక్క కుర్చీ పిలగాడు.
ఏం కాలే, ఒక మాట దొరికింది అన్న.
పాపం, వంగి కుర్చీ కిందంత చూసిండు.

రాత్రి పన్నెండు దాటినంక
చప్పుడు చిన్నగ పెట్టి వేసిన.
గీత. సూది లేచింది.
ఆ సందుల మాట పెడ్దామని నోరు తెరిచిన.
సందు చాలలే.
నేను "థా" అనేలోపల
పాట అవతలి ఊర్ల ఉన్నది.
మళ్ల పెట్టిన. మళ్ల.

నాలుగోసారికి లోపలి గదిల నుంచి భూలక్ష్మి,
"ఇగ ఆపుతవా? ఆరింటికి సైరన్" అన్నది.
రూపాయి బిళ్ల తీసి జేబులేసుకున్న.
సూదిని మాత్రం ఎత్తలే.
పాటైపోయినంక చానాసేపు
నడుమ కాగితం అంచున
గరగర.